హెచ్‌ఐవీ ఉన్న మా అబ్బాయికి ఫిట్స్ వచ్చాయి, మెదడులో మచ్చలున్నాయన్నారు. ఫిట్స్ గోళీలూ హెచ్‌ఐవీకి వేసే ఏఆర్‌టీ గోళీలూ కలిపి వేయొచ్చా?

ప్రశ్న: తెనాలి పిన్ని

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇది రాద్దామని రెండు రోజులుగా ఫోన్ చేతిలోకి తీసుకోవడం, మళ్లీ పక్కన పెట్టేయడం, ఇదే పనిగా ఉంది.

మా అబ్బాయి అంటున్నాను గానీ వాడు మా అక్క కొడుకు. అక్కా బావా ఇద్దరూ పోయారు. అక్క పోయేనాటికి వాడికి ఐదేళ్లు. పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉంది. అప్పటి నుంచీ నా దగ్గరే పెరిగాడు. నెలనెలా గుంటూరు ఏఆర్‌టీ సెంటర్‌కి నేనే తీసుకెళ్లేదాన్ని. పదమూడో ఏట కౌన్సిలర్ మేడం ఎదురుగా కూర్చోబెట్టుకుని వాడికి విషయం చెప్పింది. ఏడవలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "అమ్మకీ ఇదేనా పిన్నీ" అని ఒక్క మాట అడిగాడు, అంతే.

ఇప్పుడు ఇరవై ఒకటి. ఐటీఐ చేసి హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌గా చేరాడు. నలుగురు కుర్రాళ్లు ఒక గదిలో ఉంటారు. ఏఆర్‌టీ గోళీల డబ్బా కదిపితే గలగలమంటుందని అందులో దూది కుక్కి, సాక్స్‌లో చుట్టి బ్యాగ్ అడుగున పెట్టుకునేవాడట. ఒకరోజు గదిలో ఒకడు "ఏంట్రా అవి" అని అడిగాడట. ఆ రోజు నుంచి వేసుకోవడం మానేశాడు. ఎనిమిది నెలలు. నేను ఫోన్ చేసి "వేసుకున్నావా నాన్నా" అంటే "ఆ, వేసుకున్నా పిన్నీ" అనేవాడు.

సంక్రాంతికి ఇంటికొచ్చాడు. మనిషి సగమైపోయాడు. తలనొప్పి అన్నాడు, ప్రయాణం బడలిక అనుకున్నాను. ఎడమ చేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేకపోతుంటే నేనే పెట్టాను. అప్పుడైనా నాకు అనుమానం రాలేదు. కనుమ నాడు పెరుగన్నం తింటుండగా ఎడమ చేతి వేళ్లు వాటంతట అవే ఎగిరెగిరి పడటం మొదలైంది. వాడు దాన్నే చూస్తూ "పిన్నీ, చెయ్యి చూడు" అన్నాడు. ఆ తర్వాత మూతి ఎడమకి వంకర పోయింది, కంచం మీద పడిపోయాడు. ఒళ్లంతా కొట్టుకుంది. పక్కింటివాళ్లు తాళాల గుత్తి చేతిలో పెట్టారు, ఉల్లిపాయ చిదిమి ముక్కు దగ్గర పెట్టారు. ఒకాయన పళ్ల మధ్య చెంచా పెట్టబోతే ముందు పన్ను అంచు విరిగింది.

దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడ హెచ్‌ఐవీ సంగతి నేను చెప్పలేదు. చెబితే చేర్చుకోరేమోనని భయం. ఇదివరకు ఒకచోట మాకు అలాగే జరిగింది. సీటీ స్కాన్ తీసి "కుడివైపు మచ్చలున్నాయి, వాపు ఉంది, ఎంఆర్‌ఐ తీయించండి" అన్నారు. ఎప్టాయిన్ గోళీలు రాసిచ్చారు. ఇంటికొచ్చాక భయపడి ఏఆర్‌టీ గోళీలు కూడా మళ్లీ మొదలుపెట్టించాను. మిగిలిపోయిన డబ్బాలో ఉన్నవే. సోమవారం గుంటూరు వెళ్దామనుకుంటున్నాం.

మా ఊరి ఆర్‌ఎంపీ "హెచ్‌ఐవీ మెదడుకెక్కితే ఇక ఆశ పెట్టుకోకండి" అన్నాడు. నిజమేనా? ఈ రెండు రకాల గోళీలూ కలిపి వేయొచ్చా? ఆ మచ్చలు క్యాన్సర్ గడ్డలా? తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. రాత్రుళ్లు నిద్రపోకుండా వాడి చేతి వేళ్లనే చూస్తూ కూర్చుంటున్నాను.

---

జవాబు: పాత నర్సు, రాజమండ్రి

అమ్మా, సోమవారం దాకా ఆగకండి. రేపు పొద్దున్నే వెళ్లండి. ఈ రాత్రి మళ్లీ ఫిట్స్ వచ్చి ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి మెలకువ రాకుండానే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికే పొండి.

నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వాస్పత్రిలో స్టాఫ్ నర్సుని. చివరి తొమ్మిదేళ్లు ఏఆర్‌టీ సెంటర్‌లోనే చేశాను. మీ ప్రశ్నలో అసలు విషయం గోళీల దగ్గరే ఉంది. ఎప్టాయిన్ అంటే ఫెనిటోయిన్. ఇప్పుడు మన సెంటర్లలో రోజుకొకటి చొప్పున ఇచ్చే టీఎల్‌డీ గోళీలో డొలుటెగ్రవిర్ అనే మందు ఉంటుంది. ఫెనిటోయిన్ పడితే కాలేయం ఆ డొలుటెగ్రవిర్‌ను తొందర తొందరగా కరిగించి బయటికి పంపేస్తుంది. ఒంట్లో ఉండాల్సినంత మందు ఉండదు. పిల్లాడు గోళీ వేసుకుంటున్నా వైరస్‌కి సరిగ్గా దెబ్బ తగలదు. ఫినోబార్బిటోన్, కార్బమాజపిన్ కూడా ఇదే బాపతు. మీకు ఎప్టాయిన్ రాసిన డాక్టర్ తప్పేమీ లేదమ్మా, ఫిట్స్‌కి అది మంచి మందే. హెచ్‌ఐవీ ఉందని ఆయనకు తెలియదు, అంతే.

అలాగని ఇది చదివి ఎప్టాయిన్ మీరే ఆపేయొద్దు! హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఇంకా ఎక్కువవుతాయి. డాక్టర్ చూసి లెవెటిరాసెటం లాంటిదానికి మారుస్తారు. షాపులో లెవిపిల్ అంటే ఇచ్చేది అదే. దానికి ఏఆర్‌టీ మందులతో గొడవ లేదు. వేసుకున్న కొత్తలో కొందరికి చిరాకు, కోపం ఎక్కువవుతాయి. పిల్లాడు కసురుకుంటే మీ మీద కోపం అనుకోకండి.

రెండోది. ఎనిమిది నెలలు మానేసి ఇంట్లో పాత డబ్బా తీసి మొదలుపెట్టామన్నారు. ఆ సంగతి డాక్టర్‌కి మొట్టమొదట చెప్పండి. మెదడు పొరల్లో టీబీ గానీ, క్రిప్టోకాకస్ అనే ఫంగస్ గానీ ఉంటే ముందు దానికి మందు మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాకే ఏఆర్‌టీ ఇస్తారు. ముందే ఇస్తే, కోలుకుంటున్న రోగనిరోధక శక్తి ఒక్కసారిగా ఆ క్రిముల మీద పడి లోపల వాపు పెరుగుతుంది. అదే టాక్సోప్లాస్మా అనే క్రిమి అయితే అంతకాలం ఆపరు, మామూలుగా రెండు వారాల్లోపే మొదలుపెట్టేస్తారు. ఏది అన్నది వాళ్లు తేల్చాలి. మీరు దాచకూడదు.

చేర్చుకోరన్న భయం గురించి. 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం చేయం అనడానికి వీల్లేదు. విషయం బయటపెట్టడానికీ వీల్లేదు. ఉద్యోగంలో నుంచి తీసేయడానికీ వీల్లేదు. ఏ సందేహం ఉన్నా 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. చట్టం ఉంది కదా అని అందరూ మంచిగా చూస్తారని నేను చెప్పను. నేనూ చూశాను, బెడ్ మీద కేస్ షీట్‌కి ఎర్ర స్టిక్కర్ అంటించిన రోజులు. అలాంటివాళ్లతో గొడవ పెట్టుకుని అయినా సరే, వైద్యం చేసే డాక్టర్‌కి మాత్రం చెప్పి తీరాలి.

పిల్లాణ్ణి తిట్టారా? తిట్టకండి. చిన్నప్పటి నుంచి రోజూ గోళీ మింగుతూ వచ్చినవాడు, ఇరవై ఏళ్ల వయసులో మానేయడం నేను ఎంతమందిలో చూశానో. డబ్బాలో దూది కుక్కాడని చదివి చాలాసేపు ఏమీ తోచలేదు నాకు.

---

జవాబు: మెట్ట రైతు, ఖమ్మం జిల్లా

చెల్లెమ్మా, ఆ ఆర్‌ఎంపీ మాట పట్టుకోకు. 2014లో నాకూ ఇలాగే అన్నారు. ఇప్పుడు నాకు యాభై రెండు. ఈ ఏడాది నాలుగెకరాల్లో మిర్చి వేశాను.

నాకు హెచ్‌ఐవీ ఉందని తెలిసిందే ఫిట్స్ వచ్చాక. చేలో మందు కొడుతుంటే పడిపోయాను, పురుగుమందు తలకెక్కిందనుకున్నారు అందరూ. పెద్దాస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే బయటపడింది. సీడీ4, అంటే రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, ఎంతో తెలుసా? 38. ఎంఆర్‌ఐ ఫిల్మ్ కిటికీ వెలుతురుకి పెట్టి డాక్టర్ చూపించాడు. నల్లటి మచ్చ, దాని చుట్టూ తెల్లటి గాజు ఉంగరం లాగా. అలాంటివి ఐదు. నా భార్య వాటిని వేలితో లెక్కపెట్టింది. టాక్సోప్లాస్మా అన్నారు. ఆ క్రిమి చాలామంది ఒంట్లో చిన్నప్పుడే చేరి నిద్రపోతూ ఉంటుందట, పిల్లుల వల్లో, సరిగ్గా ఉడకని మాంసం వల్లో. ఒంట్లో శక్తి పూర్తిగా పడిపోయినప్పుడు లేస్తుంది. పక్కన ఉన్నంత మాత్రాన మనిషి నుంచి మనిషికి అంటదు.

దానికి వాడింది ఏమిటో చెప్తే నమ్మవు. సెప్ట్రాన్. పల్లెల్లో జ్వరానికీ విరేచనాలకీ ఇచ్చే తెల్ల గోళీ. నా బరువు చూసి ఎక్కువ మోతాదులో, రెండు పూటలా, ఆరు వారాలు. నేను పదో రోజుకి మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. ఆరు వారాలయ్యాక మోతాదు తగ్గించి చాలాకాలం వేయించారు, సీడీ4 రెండు వందలు దాటి ఆరు నెలలు అక్కడే నిలబడేదాకా. ఫిట్స్ గోళీ రెండేళ్లు వాడాను. తర్వాత డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గించి ఆపాడు. మళ్లీ రాలేదు.

అన్నీ మునుపటిలా అయ్యాయని అబద్ధం చెప్పను. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. అలసిపోయినప్పుడు పేర్లు గుర్తురావు, మా బావమరిది పేరే ఒకసారి మర్చిపోయాను. కానీ మనిషిని ఉన్నాను.

ఇంట్లో చేయాల్సినవి చెప్తాను, ఇవి డాక్టర్లు హడావిడిలో చెప్పరు.

ఫిట్స్ వచ్చినప్పుడు తాళాలు, ఇనుము, ఉల్లిపాయ, చెప్పు వాసన, ఏవీ పనికిరావు. ఎవరినీ నోట్లో ఏదీ పెట్టనివ్వకు. పన్ను విరిగిందన్నావు, ఆ ముక్క గొంతులోకి పోయి ఉంటే? ఎడమ పక్కకో కుడి పక్కకో ఒత్తిగిల్లేలా పడుకోబెట్టు, నోట్లో ఉన్నది కారిపోవాలి. తల కింద తువ్వాలు మడిచి పెట్టు. గడియారం చూడు. మావాళ్లకి నిమిషం గంటలాగా అనిపించేది, చూస్తే నిమిషమున్నరే అయ్యేది. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు పోయొద్దు. నురగ ముట్టుకుంటే అంటుకుంటుందని మా ఊళ్లో జనం ఆమడ దూరం నిలబడ్డారు. నురగతో, ఉమ్మితో హెచ్‌ఐవీ రాదు. నాలుక కొరుక్కుని రక్తం వస్తే చేతికి కవరు తొడుక్కుని తుడిస్తే చాలు.

బాత్రూం గడియ పెట్టుకోనివ్వకు. తలుపు దగ్గరగా వేసుకోమను. చెరువు, బావి, మేడ మెట్లు, పొయ్యి, ఇవి కొన్నాళ్లు వద్దు. బండి అసలు వద్దు. నేను ఏడాదిపాటు ట్రాక్టర్ ఎక్కలేదు, నాకదే అన్నిటికన్నా కష్టమైంది. మీవాడు ఏసీ మెకానిక్ కదా, నిచ్చెనలెక్కి గోడ బయట వేలాడే పని అది. డాక్టర్ సరే అనేదాకా ఆ పనికి పంపొద్దు. షాపులో కూర్చుని చేసే రిపేర్లు చూసుకోమను.

ఒక నోటుబుక్కు పెట్టు. మా ఆవిడ పిల్లల లెక్కల నోటుబుక్కులో రాసేది. తేదీ, టైము, ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, ఎంతసేపు, ఆ రోజు గోళీ వేశాడా లేదా. డాక్టర్ ఆ పుస్తకం చూసే మోతాదు మార్చాడు. ముందు ఎడమ చేతి వేళ్లతో మొదలైందని రాశావు చూడు, అది తప్పకుండా చెప్పు.

---

జవాబు: న్యూరో డాక్టర్, హైదరాబాద్

ఇద్దరూ బాగా చెప్పారు. నేను కొన్ని చేరుస్తాను.

అమ్మా, ఎడమ చేతి వేళ్లలో మొదలై ఒళ్లంతా పాకడం, స్కాన్‌లో కుడివైపు మచ్చలుండటం, రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయి. మెదడు కుడి సగం ఎడమ చేతిని నడిపిస్తుంది. అంటే ఇది ఫలానా చోట ఉన్న ఫలానా దెబ్బ. దానికి కారణం వెతికి మందు ఇవ్వొచ్చు. "మెదడుకెక్కింది" అనే మాటలో ఈ కారణమే లేకుండా పోతుంది. అందుకే ఆ మాటంటే నాకు కోపం.

ఆ రైతు గారికి టాక్సోప్లాస్మా అయిందని మీ బాబుకీ అదే అనుకోవడానికి లేదు. సీడీ4 వంద కంటే తక్కువ ఉండి ఉంగరం మచ్చలు చాలా ఉంటే ముందు దాన్నే అనుమానిస్తాం, నిజమే. కానీ మన దేశంలో టీబీ గడ్డ కూడా అచ్చం అలాగే కనపడుతుంది. బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళ్తే మెదడులో తిత్తులు కట్టే జబ్బు ఇంకొకటి ఉంది. శుభ్రంగా కడగని కూరగాయల వల్ల కూడా వస్తుంది కాబట్టి మేం మాంసం తినం అంటే కుదరదు. ఈబీ వైరస్‌తో వచ్చే లింఫోమా అనే క్యాన్సర్ కొద్దిమందిలో ఉంటుంది. జేసీ వైరస్ వల్ల వచ్చేది వేరు, అందులో ఉంగరాలూ వాపూ సాధారణంగా ఉండవు, మెదడులోని తెల్ల పదార్థం మచ్చలు మచ్చలుగా చెడిపోతుంది. దానికి విడిగా మందు లేదు, ఏఆర్‌టీతో ఒంట్లో శక్తి తిరిగి తెచ్చుకోవడమే వైద్యం. ఒక్కోసారి మెదడులో ఏ మచ్చా లేకుండా, రక్తంలో సోడియం పడిపోయి కూడా ఫిట్స్ వస్తాయి. హెచ్‌ఐవీ తనంతట తానే మెదడును మందగింపజేయడమూ ఉంది. మాట నెమ్మదించడం, మతిమరుపు, చేతుల పని తడబడటం. ఇది కూడా ఏఆర్‌టీ సక్రమంగా వేసుకుంటే చాలామందిలో మెరుగవుతుంది.

కాబట్టి మచ్చలు స్పష్టంగా కనపడేలా కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే ఎంఆర్‌ఐ, సీడీ4, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్, రక్తంలో క్రిప్టోకాకస్ పరీక్ష, టాక్సో యాంటీబాడీ, ఛాతీ ఎక్స్‌రే అడుగుతారు. వెన్నులో నీరు తీయాలంటే భయపడకండి. దానివల్ల కాళ్లు పడిపోతాయన్నది వట్టి పుకారు. అయితే మెదడులో వాపు ఎక్కువగా ఉన్నప్పుడు తీయకూడదు, ముందు స్కాన్ చూసి నిర్ణయిస్తారు. టాక్సో అనుకుని మందు మొదలుపెడితే పది, పద్నాలుగు రోజుల్లో మనిషిలో తేడా కనపడాలి. కనపడకపోతే మళ్లీ ఆలోచించాలి, అవసరమైతే ఆ మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి.

ఒకటి మాత్రం జాగ్రత్త. వాపు తగ్గడానికి డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తే చాలా జబ్బులు కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటాయి, అసలు మందు పనిచేసిందో లేదో తెలియదు. ఎక్కడైనా చేసి ఉంటే ఆ చీటీ కూడా పట్టుకెళ్లండి. ఉన్న చీటీలన్నీ ఒకే కవర్లో పెట్టుకుని వెళ్లండి.

ఒకవేళ టీబీ అని తేలి రిఫాంపిసిన్ ఇస్తే, అది కూడా డొలుటెగ్రవిర్‌ను తగ్గిస్తుంది. అప్పుడు టీఎల్‌డీ వేసుకున్న పన్నెండు గంటలకి డొలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాముల గోళీ ఇంకొకటి కలుపుతారు. సెంటర్‌లో వాళ్లకు తెలుసు. మీరూ తెలుసుకుని ఉంటే మంచిది.

---

తెనాలి పిన్ని

మీ అందరికీ రెండు చేతులా దండం. మర్నాడే వెళ్లాం. అన్నీ చెప్పేశాను. డాక్టరమ్మ ఒక్క మాట అనలేదు, కుర్చీ దగ్గరికి లాక్కుని వాడి చెయ్యి పట్టుకుని చూసింది. సీడీ4 46. ఎంఆర్‌ఐలో నాలుగు ఉంగరాలున్నాయి. టాక్సో అనుకుంటున్నామన్నారు. సెప్ట్రాన్ మొదలుపెట్టారు, ఎప్టాయిన్ తగ్గిస్తూ లెవిపిల్ ఇచ్చారు. పదకొండో రోజు నుంచి ఏఆర్‌టీ మళ్లీ ఇస్తున్నారు.

ఇవాళ్టికి పదమూడు రోజులు. ఫిట్స్ మళ్లీ రాలేదు. తలనొప్పి తగ్గింది. అన్నగారూ, నోటుబుక్కు పెట్టాను. మేడం, మీరన్నట్టే బాగా చిరాకు పడుతున్నాడు. నిన్న కంచం తోసేసి, గంట తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "గదిలో వాళ్లకి చెప్తే ఏమవుతుంది పిన్నీ" అన్నాడు. నాకేం చెప్పాలో తెలియలేదు. "నీకు చెప్పాలనిపించినవాడికే చెప్పు, అనిపించినప్పుడే చెప్పు" అన్నాను. సరిగ్గా అన్నానా?

ఇంకొకటి. పొద్దున్నుంచి వీపు మీదా పొట్ట మీదా ఎర్రగా దద్దుర్లు లేచాయి. దురద. సెప్ట్రాన్ వల్లేనా? తర్వాతి గోళీ ఆపమంటారా?

---

పాత నర్సు, రాజమండ్రి

సరిగ్గానే అన్నారమ్మా. ఎవరికి చెప్పుకోవాలన్నది వాడి ఇష్టం.

దద్దుర్లు సెప్ట్రాన్ వల్ల కావచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి రెండో వారంలో ఎక్కువగా వస్తాయి. జ్వరం ఉందా? నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం మీద బొబ్బలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తర్వాతి గోళీ వేయకుండా ఇప్పుడే బయల్దేరండి. అవేవీ లేకుండా ఉత్త దురదే అయినా ఫోన్ మీద తేల్చుకోవద్దు, సాయంత్రంలోపు సెంటర్‌లో చూపించండి. గోళీ ఆపాలా, మార్చాలా, దురదకి మందిచ్చి కొనసాగించాలా అన్నది చూసినవాళ్లే చెప్పాలి.

---

తెనాలి పిన్ని

జ్వరం లేదు, నోరు చూశాను, బాగానే ఉంది. కళ్లు కూడా తెల్లగానే ఉన్నాయి. పన్నెండింటి బస్సుకి బయల్దేరుతున్నాం. చొక్కా గుండీలు వాడే పెట్టుకుంటున్నాడు. పై రెండూ అయ్యాయి, మూడోది ఇంకా పట్టుబడటం లేదు. నేను సాయం చేయడం లేదు, చూస్తూ నిలబడ్డాను.